బైబిలు చదువుకు బాకీ లేదు

(చిత్తూరులో కొత్త విశ్వాసుల కోసం ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగిన కూడికలో, రిటైరైన తెలుగు ఉపాధ్యాయుడు, సంఘపెద్ద ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసింది.)

అందరికీ వందనాలు. కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డ తమ్ముళ్లు కూడా ముందుకు రండి, ఇక్కడ చాప ఖాళీగానే ఉంది. భోజనాలయ్యాక పెట్టిన కూడిక ఇది. పైగా ఫ్యాను నావైపే తిరుగుతోంది. నిద్ర వస్తే తప్పు మీది కాదు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే, ఐతుకు అనే కుర్రవాడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. మనం నేల మీదే ఉన్నాం కదా, భయం లేదు.

ముందుగా మీకు ఒక వస్తువు చూపిస్తాను. ఇది నా మొదటి బైబిలు. చేతులు మార్చుకుంటూ వెనకదాకా పంపండి. తెరవకండి. మూసి ఉంచి పుటల అంచులు మాత్రం చూడండి. మొదట్లో కొంత మందం నల్లగా, జిడ్డుగా ఉంది, కనిపిస్తోందా? వేళ్ల మురికి అది. ఆ తర్వాత గీత గీసినట్టు తెలుపు. మధ్యలో కీర్తనల దగ్గర కాస్త మాసింది, చివర సువార్తల దగ్గర కాస్త మాసింది. మిగతాదంతా కొట్లో కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ నలుపు ఎక్కడ ఆగిందో చెప్పగలరా? అవునమ్మా, సరిగ్గా చెప్పారు. లేవీయకాండము. మీరు నవ్వుతున్నారంటే మీ బైబిలు కూడా అక్కడే ఆగిందన్నమాట.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీర్మానం చేసుకునేవాణ్ణి. ఈ సంవత్సరం బైబిలు మొత్తం చదువుతాను ప్రభువా, అని. ఒక సంవత్సరం కాదు, ఏడు సంవత్సరాలు. ఏడుసార్లూ ఆదాము దగ్గర మొదలుపెట్టాను. ఏడుసార్లూ లేవీయకాండములో దిగబడ్డాను. ఆదికాండము మాత్రం నాకు కంఠతా వచ్చినంత పని అయింది!

నేను లెక్కల మాస్టారిని కాను, తెలుగు చెప్పినవాణ్ణి. అయినా ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. మన చేతుల్లో ఉన్న బైబిలులో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. కతోలిక సోదరుల బైబిలులో 73 పుస్తకాలు ఉంటాయి, అది వేరే లెక్క. 1189ని 365తో భాగిస్తే రోజుకు మూడు అధ్యాయాలు, పైన కాస్త. సరే, మూడు అనుకుందాం. ఆదికాండము 50 అధ్యాయాలు, నిర్గమకాండము 40. మొత్తం 90. అంటే జనవరి 30కి నిర్గమకాండము అయిపోతుంది. 31న ఏమి వస్తుంది? లేవీయకాండము మొదటి మూడు అధ్యాయాలు. దహనబలి, నైవేద్యము, సమాధానబలి. కొవ్వు, మూత్రగ్రంథులు. నిన్నటిదాకా యోసేపు కథ, ఎర్రసముద్రం పాయలు కావడం చదివినవాడు ఉన్నట్టుండి బలిపీఠం ముందు, ఏ భాగం కాల్చాలి, ఏ భాగం యాజకునిది అన్న వివరాల మధ్య నిలబడతాడు. చేయి పట్టుకుని చెప్పేవాళ్లు లేరు.

అయితే నేను ఆగిపోయింది లేవీయకాండము కష్టమైనందువల్లనా? చాలాకాలం అలాగే అనుకున్నాను. తప్పు దాని మీదకు నెట్టాను. అసలు జరిగింది వేరు. ఒక ఏడాది జనవరి నెలాఖరులో జ్వరం వచ్చి మూడు రోజులు చదవలేదు. నాలుగో రోజు ఎన్ని చదవాలి? మూడు మూళ్లు తొమ్మిది, ఆ రోజువి మూడు, మొత్తం పన్నెండు. రాత్రి కూర్చుని ఆరు చదివాను, కళ్లు మూతపడ్డాయి. ఏమి చదివానో అడిగితే చెప్పలేను. మిగిలిన ఆరు మర్నాటికి. మర్నాటివి మూడు. మళ్లీ తొమ్మిది. ఆ రోజు స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దే పని. చదవలేదు. పన్నెండు!

మీలో చీటీలు వేసేవాళ్లు ఉన్నారు కదా? చీటీ పాడుకుని, డబ్బు వాడేసుకుని, రెండు నెలలు కట్టనివాడు ఏమి చేస్తాడు? చీటీ నడిపే అక్క ఉండే వీధిలోంచి వెళ్లడు. చుట్టు తిరిగి వెళతాడు. నేనూ అంతే చేశాను. బైబిలు పెట్టిన బీరువా వైపు చూడటమే మానేశాను. దేవుడు నాకు అప్పులవాడిలా కనిపించడం మొదలైంది. ఎంత తప్పు చూడండి. ఆయన దగ్గరికి వెళ్లడానికి పెట్టుకున్న చదువు, ఆయనకు ముఖం చాటేయడానికి కారణమైంది.

అందుకే ఈ రోజు నేను చెప్పదలచినది ఒక్కటే. మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. బైబిలు చదువుకు బాకీ లేదు. నిన్న చదవలేదా? ఈ రోజుది చదవండి. వారం రోజులు చదవలేదా? ఈ రోజుది చదవండి. ఊళ్లో పెళ్లి, పిల్లవాడికి ఒంట్లో బాగాలేదు, కరెంటు లేదు, బద్ధకం. ఏ కారణమైనా సరే, ఈ రోజుది చదవండి. నిర్గమకాండము 16లో మన్నా సంగతి ఉంది, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన ఆహారం అది. ఏ రోజుది ఆ రోజు ఏరుకోమన్నాడు. మర్నాటికి దాచినవాళ్లది పురుగు పట్టింది. ఆ అధ్యాయం ఎన్నోసార్లు చదివాను. నిన్న ఏరుకోనిది ఈ రోజు కలిపి ఏరుకోమని ఎవరికీ చెప్పినట్టు నాకు కనిపించలేదు.

ప్రణాళిక పెట్టుకోవడం తప్పని నేను అనడం లేదు. స్కాట్లాండులో డండీ పట్టణంలో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అని ఒక పాస్టరు ఉండేవారు. 1842లో తన సంఘం కోసం ఒక పట్టిక తయారుచేశారు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తయ్యేటట్టు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. మరుసటి ఏడాదే, 29 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ పట్టికతో పాటే దాని ప్రమాదాలు కూడా ఆయనే రాసిపెట్టారు. అలవాటుగా, మనసు లేకుండా చదవడం ఒకటి. పూర్తిచేశానన్న గొప్ప ఒకటి. కొందరికి ఇది మోయలేని కాడి కావచ్చని కూడా రాశారు. పట్టిక ఇచ్చినవాళ్లలో ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ. ఆయన చెప్పారు.

సరే, ఎప్పుడు చదవాలి? తెల్లవారుజామున నాలుగింటికే లేవాలని కొందరు గట్టిగా చెబుతారు. మార్కు 1:35 చూపిస్తారు, యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడని. నిజమే. కానీ ఇక్కడ ఎంతమంది పాలు పితికేవాళ్లు ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, సగం మంది. వీళ్లు నాలుగింటికి ఎప్పుడో లేచారు. ఆవు ఆగదు, పాల కేంద్రానికి క్యాను చేరాలి. వీళ్లకు ఇంకా ముందు లేవమని చెప్పడానికి నాకు నోరు రాదు.

మన సంఘంలో ఒక సోదరి ఉన్నారు, పేరు చెబితే ఒప్పుకోరు. పాలు పోసి వచ్చి పొయ్యి మీద టీ పెడతారు. ఆవిడ బైబిలు ఎక్కడుంటుందో తెలుసా? టీపొడి డబ్బా పక్కన, అదే అరలో. టీ మరిగేలోపు ఎంత చదివితే అంత. కొన్నిసార్లు పది వచనాలు. టీ పొంగి పుస్తకం మీద పడి మార్కు సువార్త రెండు మూడు పేజీలు గోధుమరంగుకు తిరిగాయి. నాలుగేళ్లుగా చదువుతున్నారు. నేను పండితుణ్ణి, ఏడుసార్లు ఓడిపోయాను. ఆవిడ ఎలా నిలబడ్డారు? కొత్తగా సమయం సృష్టించుకోలేదు. రోజూ ఎలాగూ చేసే పనికి చదువును కట్టేశారు. దూడను గుంజకు కట్టినట్టు. టీ మానరు కాబట్టి చదువు మానలేదు.

మీ గుంజ ఏదో మీరు చూసుకోండి. శ్రీసిటీ వైపు షిఫ్టులకు వెళ్లే తమ్ముళ్లకు కంపెనీ బస్సు ఉంది. షిఫ్టు మారితే గడియారం మారుతుంది, బస్సు మారదు. తోతాపురి కోతల కాలంలో, జూన్, జూలైలలో, గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు మీద కూర్చుని రాత్రంతా వంతు కోసం చూసే అన్నలున్నారు. అంతకంటే తీరిక ఏడాదిలో దొరుకుతుందా? ఫోనులో చదవవచ్చా అని అడుగుతారు. చదవండి, వినండి కూడా. మెసేజ్ రాగానే అటు పోతారు, అదొక్కటే దానితో చిక్కు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? మార్కు సువార్త. 16 అధ్యాయాలే. నాలుగు సువార్తల్లో అన్నిటికంటే చిన్నది. కూర్చుంటే రెండు గంటల్లోపు పైకి చదివేయవచ్చు. కానీ మీరు అలా చదవకండి. రోజుకు ఒక సంఘటన చాలు. అధ్యాయం మధ్యలో ఆగితే పాపమేమీ లేదు. ఈ అధ్యాయాలు రాసినవాళ్లు పెట్టినవి కావు. 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఆయన చేసిన విభజన ఇది. కొత్త నిబంధనకు ఇప్పటి వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేశారు. వెతుక్కోవడానికి వేసిన అంకెలు. మార్కు 9వ అధ్యాయం మొదటి వచనం చూడండి, అది 8వ అధ్యాయం చివర యేసు చెబుతున్న మాటకే కొనసాగింపు. అధ్యాయం మారిందని పుస్తకం మూసేస్తే మాట సగంలో తెగుతుంది.

మెల్లగా చదవడమంటే ఎలా ఉంటుందో చూపిస్తాను. మార్కు 4వ అధ్యాయం, 35వ వచనం నుంచి. తుపాను, దోనె, శిష్యులు. అందరికీ తెలిసిన కథ. మత్తయిలో ఉంది, లూకాలో ఉంది. యేసు నిద్రపోతున్నాడని ముగ్గురూ రాశారు. మార్కు ఒక్కడే ఒక మాట కలిపాడు. 38వ వచనంలో వెతకండి. ఎవరికి దొరికింది? ఆ... "తలగడమీద". అవును, తలగడ! ఇన్నేళ్లు ఈ కథ మీద ప్రసంగాలు విన్నాను, చెప్పాను కూడా, తలగడను చూడలేదు. చూసిన రోజున అక్కడే ఆగిపోయాను. ఒక వారం ముందుకు పోలేదు. పగలంతా మాట్లాడి మాట్లాడి అలసిన మనిషి, తల కింద ఏదో పెట్టుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. చుట్టూ నీళ్లు లోపలికి వస్తున్నాయి. వీళ్లు లేపి ఏమన్నారు? "నీకు చింతలేదా" అన్నారు. మనం రాత్రిపూట అడిగే మాటే కదా అది?

ఇంకా చూడండి, 36వ వచనంలో ఆయన వెంట వేరే దోనెలు కూడా వచ్చాయని ఉంది. అదీ మార్కు ఒక్కడే రాశాడు. ఆ దోనెల్లో ఉన్నవాళ్లు ఎవరు, వాళ్లకు ఏమైంది? రాయలేదు. వాళ్లూ తడిసి ఉంటారు, గాలి ఆగితే వాళ్లకూ ఆగి ఉంటుంది. మూడేసి అధ్యాయాలు పరుగెత్తేవాడికి ఈ దోనెలు కనపడవు.

తెలుగు కష్టంగా ఉందంటారు, నిజమే. ఇందాకటి 38వ వచనంలో "దోనె అమరమున" అని ఉంది. అమరము అంటే? ఎవరూ చెప్పలేరు, మనది సముద్రం లేని ఊరు. అమరము అంటే పడవ వెనక భాగం. ఒక పెన్సిలు పెట్టుకోండి, తెలియని మాట కింద చిన్న గీత గీయండి, ఆదివారం వచ్చి అడగండి. వాడుక భాషలో అనువాదాలు వచ్చాయి, అవి పక్కన పెట్టుకున్నా మంచిదే. కానీ పాత తెలుగును చూసి భయపడకండి, దానిలో సగం మీ నోట్లో ఉన్నదే. 23వ కీర్తన, "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు". లేమి ఏమిటని ఒక అబ్బాయి అడిగాడు. కలిమిలేములు అంటారా మీ ఇంట్లో? ఆ లేమే నాయనా!

ఈ తెలుగు మన దాకా రావడానికి ఎంత కాలం పట్టిందో కూడా తెలుసుకోండి. లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో చేసిన సువార్తల అనువాదం 1812లో బెంగాలులోని శ్రీరామపూరులో అచ్చయింది. మొత్తం బైబిలు తెలుగులో రావడానికి 1854 దాకా ఆగాలి. ఆ తర్వాత కూడా సవరణలు జరుగుతూనే ఉన్నాయి. ఆ సవరణ సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసిన జేకబ్ చేంబర్లేన్ ఎక్కడ ఉండేవారు? మన మదనపల్లెలో. ఆర్కాట్ మిషన్ తరఫున వచ్చిన డాక్టరు ఆయన. ఒక మాటకు సరైన తెలుగు కోసం వాళ్లు రోజులు వెచ్చించారు. మనం ఒక్క నిమిషం వెచ్చిస్తే తప్పేమీ కాదు.

వాగ్దానం కార్డుల గురించి ఒక మాట చెప్పాలి. కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్లెంలోంచి తీసుకుంటాం. నేనూ తీసుకుంటాను. అద్దం దగ్గర పెట్టుకుంటాను. కానీ కార్డు చదవడం బైబిలు చదవడం కాదు. యిర్మీయా 29:11 చాలామందికి వస్తుంది. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవి, హానికరమైనవి కావు అనే వచనం. కార్డు మీద ఒక్క వచనమే ఉంటుంది. దానికి ముందు వచనంలో ఏముందో ఎవరైనా చూశారా? డెబ్బై సంవత్సరాలు అని ఉంది! అది బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. వెంటనే తిరిగి వచ్చేస్తారని ఆశ పడకండి, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని రాశాడు. ఈ నెలలోనే ఉద్యోగం వస్తుందని ఆ కార్డు జేబులో పెట్టుకుని తిరిగిన అబ్బాయి నాకు తెలుసు. రాలేదు. దేవుడు మాట తప్పాడని నాతో అన్నాడు. దేవుడు తప్పలేదు, మనం ఉత్తరంలో ఒక వాక్యం చింపి ఇచ్చాం. తప్పు కార్డు పంచిన మాలాంటివాళ్లది కూడా.

చదువు రానివాళ్లున్నారు ఇక్కడ. సిగ్గుపడకండమ్మా. అపొస్తలుల కార్యములు 8లో ఐతియోపీయుడైన నపుంసకుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతుంటే ఫిలిప్పు విన్నాడు. ఎలా విన్నాడు? అతను పైకి చదువుతున్నాడు కాబట్టి. "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అని అడిగితే, దారి చూపేవాడు లేకపోతే ఎలా గ్రహిస్తానన్నాడు. రాణి దగ్గర ధనాగారమంతా చూసే అధికారి ఆ మాట ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఇంటింటికీ గ్రంథం లేదు. ఎక్కువమంది విన్నవాళ్లే. మీ మనవరాలు బడి నుంచి వచ్చాక పది వచనాలు చదివి వినిపించమనండి. ఆ పిల్లకు తెలుగు వస్తుంది, మీకు వాక్యం వస్తుంది.

ఇంట్లో అందరూ విశ్వాసులు కాని వాళ్లకు ఒక హెచ్చరిక. వంట అయ్యే వేళకు బైబిలు తెరిచి, గిన్నెలు అత్తగారికి వదిలేసి, నేను దేవుని వాక్యం చదువుకుంటున్నాను అన్నారనుకోండి. ఆవిడకు ఆ పుస్తకం మీద ఎలాంటి అభిప్రాయం ఏర్పడుతుంది? గిన్నెలు కడిగి చదువుకోండి. అంతే, ఆ విషయం ఇంకా లాగను.

ఎవరో చీటీ పంపారు. చూద్దాం... మంచి ప్రశ్న. పేరు రాయలేదు, రాయనక్కరలేదు. "నెలలో ఆ మూడు రోజులు బైబిలు ముట్టుకోవచ్చా? మా ఇంట్లో పూజగదిలోకి వెళ్లేవాళ్లం కాదు. అందుకే ప్రతి నెలా ఆగిపోతోంది" అని రాశారు. తమ్ముళ్లూ, తల దించుకోనక్కరలేదు. మీ ఇళ్లలో కూడా అక్కాచెల్లెళ్లు ఉన్నారు.

ముట్టుకోవచ్చమ్మా. ఎందుకో కూడా చెబుతాను. మార్కు 5వ అధ్యాయంలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ ఉంది. ఎందరో వైద్యుల దగ్గరికి తిరిగింది, ఉన్నదంతా ఖర్చుపెట్టింది. జనం మధ్యలో వెనక నుంచి వచ్చి యేసు వస్త్రం ముట్టుకుంది. వెనక నుంచి ఎందుకు? ఎదురుగా వచ్చి అడగవచ్చు కదా? దానికి జవాబు మార్కులో లేదు. ఎక్కడుందో తెలుసా? నేను ఏడుసార్లు దిగబడ్డ లేవీయకాండములో. 15వ అధ్యాయం, 25వ వచనం నుంచి. అలాంటి స్త్రీ ఆ రోజులన్నీ అపవిత్రురాలు. ఆమె పడుకున్న పరుపు, కూర్చున్న చోటు, వాటిని ముట్టుకున్నవాళ్లు, అందరికీ అంటుతుంది. పన్నెండేళ్లు ఆమెను ఎవరూ ముట్టుకుని ఉండరు. ఆ రోజు ఎంతమందిని తోసుకుంటూ వచ్చి ఉంటుందో ఊహించండి. అందుకే దొరికిపోయినప్పుడు వణికింది.

ఆయన కోప్పడ్డాడా? "కుమారీ" అన్నాడు. అందరి ఎదుట.

లేవీయకాండము ఎప్పటికీ చదవకండి అని నేను అనలేదు చూడండి. మార్కు 5 చదివినవాళ్లకు అది తెరుచుకుంటుంది. నాకు అలాగే తెరుచుకుంది. ఆ పాత బైబిలు ఎక్కడిదాకా వెళ్లింది? చివరి వరుసలో ఉందా? అమ్మా, 15వ అధ్యాయం తీసి చూడండి. ఆ పేజీలో ఒక పెన్సిలు గీత ఉంటుంది, పక్కన 'మార్కు 5' అని రాసి ఉంటుంది. చీటీ రాసిన అమ్మాయి దాన్ని ఈ రాత్రికి ఇంటికి తీసుకువెళ్లవచ్చు. వచ్చే ఆదివారం తెచ్చివ్వండి. మరిచిపోతే ఆ పై ఆదివారం.